పొద్దుమేడ పలక

మొదట కనిపించింది ఒక గొడుగు.

విశాఖపట్నంలోని పరిశోధనాలయంలో, నల్లతెరలు దించిన గదిలో, బల్ల మీద ఉన్నది పాత బస్టాండు అరుగు రాయి. బస్టాండు కూల్చేస్తున్నారని తెలిసి సుభాషిణి దాన్ని వ్యానులో వేయించుకొని తెచ్చింది. రాతిలోని స్ఫటికపు రేణువులు ఎండను కొంచెం కొంచెంగా దాచుకుంటాయనీ, తగినంత వేడి తగిలితే ఆ దాచుకున్నదాన్ని వెలుగుగా వదిలేస్తాయనీ ఆ విద్య చదివినవాళ్ళకు తెలుసు. సుభాషిణి కనిపెట్టింది దాని తర్వాతి సంగతి. దాచుకున్న ఎండ ఏడాదికి ఒక వెంట్రుక మందాన రాతి లోపలికి దిగుతుంది. కొత్త ఏడాది ఎండ దాని పైన చేరుతుంది. పొర పొరనూ విడిగా వేడిచేయగలిగితే, రాయి తన మీద పడిన ఎండలన్నిటినీ వరసగా అప్పజెప్పేస్తుంది.

అలా వేడిచేసే యంత్రాన్ని తయారుచేసింది రెహానా. అనంతపురం జిల్లా నుంచి వచ్చి సుభాషిణి దగ్గర పనిచేస్తున్న ఇంజనీరు. ఆ రోజు తెర మీద మసక వెలుగు మధ్య గుండ్రటి చీకటి, దాని కింద చిన్న ముద్దలా ఇంకో చీకటి కనిపించగానే ఆమే ముందు గుర్తుపట్టింది.

"గొడుగు మేడమ్! కింద ఎవురో కూచోనుండారు."

ఆరా తీస్తే ఆ అరుగు మీద ఒక ముసలామె ఏళ్ళ తరబడి జామకాయలు అమ్మిందని తెలిసింది. ఆ రాయి మీదుగా ఎన్ని వేలమంది నడిచిపోయారో లెక్కలేదు. ఒకసారి వచ్చి వెళ్ళినవాళ్ళ నీడ రాతికి పట్టదు. రోజూ అదే చోటికి, అదే వేళకు వచ్చినవాళ్ళదే పడుతుంది. సుభాషిణి ఆనందం పట్టలేక మరోసారి చూద్దామని మీట నొక్కింది. రాయి ఖాళీగా ఉంది. దాచుకున్న వెలుగును ఒకసారి వదిలేశాక రాతి దగ్గర ఇంకేమీ మిగలదు. ముసలామె గొడుగు కంప్యూటరులోకి వచ్చింది గాని, రాతిలోంచి పోయింది.

రెహానా ఆ రాతిని చేత్తో తడిమి, "పాపం," అంది.

ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం వాళ్ళకొక పెద్ద పని అప్పగించింది. పూర్వం ఒకప్పుడు ఉత్తరాంధ్రలో మూడేళ్ళ పాటు వానలు పడక ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఆ కరువుకు ముందు ఎండలో ఏదైనా మార్పు వచ్చిందా? వచ్చి ఉంటే, అలాంటి మార్పు మళ్ళీ కనిపించినప్పుడు ముందే జాగ్రత్త పడొచ్చు కదా? అప్పటి ఎండ ఇప్పటికీ ఎక్కడైనా చెదరకుండా ఉందంటే అది రాతిలోనే ఉండాలి. అదీ అప్పటినుంచి కదలకుండా, సున్నం పూయకుండా, ఆరుబయట పడి ఉన్న రాతిలో.

అటువంటి రాయి ఎక్కడుందో సుభాషిణికి తెలుసు. అది ఆమె పుట్టిపెరిగిన ఊరే.

*

మబ్బుకొండ మీద, ఆ కరువుకు కొన్నేళ్ళ ముందు ఒక జమీందారుగారు కట్టించిన రాతి వేధశాల ఉంది. ఊరివాళ్ళు దాన్ని పొద్దుమేడ అంటారు. ధ్రువనక్షత్రం వైపు వాలుగా లేచిన పెద్ద గోడ, దాని రెండు పక్కలా విల్లుల్లా వంగిన రాతిమెట్లు. పొద్దున్న గోడ నీడ పడమటి విల్లు మీద దిగుతుంది, మధ్యాహ్నం తర్వాత తూర్పు విల్లు ఎక్కుతుంది. ఆ విల్లులకు ఎన్నిసార్లు సున్నాలు కొట్టారో, ఎన్నిసార్లు సిమెంటు పూశారో. గోడకు దూరంగా, దక్షిణపు అంచున, నేలలో పరిచిన నల్లరాతి పలకను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద ఉత్తరంగా చెక్కిన ఒక గీత, గీత మొదట్లో నిలబెట్టిన ఇనుపకడ్డీ. కడ్డీ నీడ గీత మీద సరిగ్గా పడితే మిట్టమధ్యాహ్నం. అప్పుడు పక్కనే ఉన్న కంచుగంట కొడితే ఊరంతా అన్నానికి లేచేది.

ఆ గంట కొట్టే ఉద్యోగం సుభాషిణి తల్లి పైడమ్మది. పెళ్ళికి ముందు నుంచీ, పదవీ విరమణ దాకా, ఎండైనా చలైనా పలక అంచున నిలబడి నీడను చూసిన మనిషి. ఆమె పోయి ఐదేళ్ళయింది.

ఆమె భర్త గవర్రాజు కొండ కింది హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశాడు. ఇప్పుడు విశాఖపట్నంలో కూతురి దగ్గరే ఉంటాడు. కూతురు మబ్బుకొండకు బయల్దేరుతోందని తెలిసిన రోజునే ఆయన సంచీ సర్దుకున్నాడు.

"నువ్వెందుకు నాన్నా? అక్కడ ఎండలో మేం పనిచేస్తుంటే నీకేం తోస్తుంది?"

"నాకు తోచకపోవడం ఏటి? ఆ కొండ మీద నాకున్నన్ని పనులు నీకున్నాయేటి? ఇంతకీ మబ్బుకొండ మీద పొద్దుమేడ కట్టాలన్న బుద్ధి ఎవరికి పుడుతుంది చెప్పు? ఆ జమీందారుగార్ని ఒకసారి పలకరించి రావాలి," అన్నాడాయన.

జీపులో దారి పొడుగునా రెహానాకు తన పెళ్ళికథ చెప్పాడు. పొద్దుమేడ బొమ్మ గీయాలని తాను తొలిసారి అట్టా పెన్సిలూ పట్టుకొని వెళ్ళినప్పుడు, మంచి చోటు చూసుకొని నిలబడితే, గంట కొట్టే పిల్ల వచ్చి, "మాస్టారూ, మీ నీడ నా గీత మీద పడతంది. అవతలికి జరగండి," అందట. ఆయన జరిగాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ జరగమంది.

"బొమ్మ పూర్తయిందా మాస్టారూ?" అడిగింది రెహానా.

"ఎక్కడ పూర్తవుతుంది తల్లీ? పెళ్ళయిపోయింది."

రెహానా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. సుభాషిణి నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తండ్రితో ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక వారం రోజులుగా వాయిదా వేస్తోంది.

*

పలక మీద నల్లగుడ్డతో గుడారం వేశారు. లోపలికి చీమ తలంత వెలుగు కూడా రాకూడదు. గవర్రాజు పొద్దున్నే టిఫిను తిని కొండెక్కేవాడు. గుడారం పనివాళ్ళకు కబుర్లు చెప్పేవాడు, వచ్చిన సందర్శకులకు విల్లు మీద గంటలెలా చూడాలో చూపించేవాడు. మూడో రోజున ఆయన గుడారం పక్క నీడలో కూర్చొని ఉండగా లోపలి నుంచి రెహానా మాట వినిపించింది.

"పైపొరలు దులిపేసేది ఎల్లుండే గదా మేడమ్?"

దులపడం అన్నది వాళ్ళిద్దరి వాడుకమాట. అడుగుపొర చదవాలంటే ముందు పైవన్నీ తీసేయాలి. ఒక్కొక్క పైపొర దగ్గరా తీరిగ్గా ఆగి ఆకారం పట్టుకుంటూ పోతే, ఆ వేడంతా పోగై కిందికి పాకి అడుగున ఉన్నదాన్ని చెరిపేస్తుంది. అందుకని పైవాటిని ఒక్క విసురులో, ఏదీ నమోదు కాకుండా, ఖాళీచేయాలి. పైన ఉన్నదైనా చూడాలి, అడుగున ఉన్నదైనా చూడాలి. రెండూ కుదరవు.

ఆ సాయంత్రం కొండ దిగుతూ గవర్రాజు అడిగాడు.

"అమ్మీ, ఆ రాతిలో మీ అమ్మ ఉందేటి?"

సుభాషిణి ఆగిపోయింది. "ఉండే ఉంటుంది నాన్నా. అన్నేళ్ళు అక్కడే నిలబడింది కదా."

"పైన ఉంటుందా, కిందనా?"

"పైన."

ఆయన మరో నాలుగు అడుగులు వేశాడు. "అయితే మీ అమ్మని దులిపేస్తావన్నమాట."

"నాన్నా, ఆ మాట…"

"మాటదేముంది. నువ్వే కదా పెట్టుకున్నావు," అని ఆయన ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అతిథిగృహంలో ఆయన మామూలుగానే భోంచేశాడు. పప్పు బాగుందన్నాడు. వంటమనిషిని పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్నాడు. కూతురితో మాత్రం ఏమీ మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సుభాషిణికి. చిన్నప్పటి నుంచీ ఆయన కోపాన్ని ఆమె ఎలాగో ఒకలాగ గెలిచేది. ఈ మంచితనం ముందు ఏం చేయాలో తోచలేదు.

మర్నాడు ఆయన కొండెక్కగానే గుడారం బయటితెర వెనక మూసి, లోపలితెర ఎత్తి లోపలికి వెళ్ళాడు. లోపల ఎర్రదీపం సన్నగా వెలుగుతోంది. నల్లపలక నీళ్ళలా మెరుస్తోంది. ఆయన చెప్పులు విప్పి, వంగి, అరచెయ్యి రాతి మీద పెట్టబోయి, సుభాషిణి వైపు చూశాడు.

"ముట్టుకుంటే పాడవుద్దా?"

"ముట్టుకో నాన్నా. ఏం కాదు."

ఆయన అరచెయ్యి రాతికి ఆనించాడు. బయటికి వచ్చాక, "చల్లగా ఉంది," అన్నాడంతే.

సుభాషిణి అప్పటికప్పుడే నిర్ణయించుకుంది. రెహానాను పక్కకు పిలిచి, అడుగుపొర వద్దనీ, పైపొరలనే ఆకారంతో సహా చదువుదామనీ చెప్పింది. అధికారులకు ఏదో ఒక సంజాయిషీ తానే చెప్పుకుంటానంది. కరువు సంగతి తెలుసుకోవడానికి మరో రాయి ఎక్కడో దొరక్కపోదని కూడా అంది. దొరకదని ఇద్దరికీ తెలుసు.

రెహానా "అట్లనే మేడమ్," అని యంత్రం దగ్గరికి వెళ్ళి మరలు సరిచేయడం మొదలుపెట్టింది. ఆ పని సగంలో ఆపి బయటికి వచ్చి మాస్టారి పక్కన కూర్చుంది. ఆయన తన సీసాలోంచి మజ్జిగ పోసి ఇచ్చాడు.

"మీ ఊరెక్కడన్నావు తల్లీ?"

"కదిరి పక్కన మాస్టారూ. చిన్న పల్లె."

"వానలెలా ఉంటాయి మీవైపు?"

రెహానా గ్లాసు చేతిలో తిప్పింది. "ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వరసగా రెండేండ్లు పల్లేదు. వేరుశనగ ఏసింది ఏసినట్ల ఎండిపాయ. మా నాయన బెంగుళూరులో ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటానని పొయ్యినాడు. మా అమ్మ మేకల్ని అమ్మేసింది. మా అవ్వ మాత్రం పొద్దున్నే తొట్లో నీళ్ళు పోసేది, మేకలకని. లేవు కదా అవ్వా అంటే, అవును కదా అనేది. మళ్ళా రేప్పొద్దున పోసేది."

ఆయన మజ్జిగ సీసాకు మూత బిగించాడు.

"ముందే తెలిసుంటే ఏం చేసేవారు?"

"కొర్ర ఏసుకుందుము మాస్టారూ. అది తక్కువ నీళ్ళకు కూడా బతుకుతాది. మంచి వానలు పడినేడు చెరువు పూడిక తీసుకుందుము. మా నాయన ఇంట్లోనే ఉండును." ఆమె లేచి నిలబడింది. "నేను చెప్పినానని మీరేం అనుకోవద్దండి. మేడమ్ చెప్పిందే చేస్తా. నాకూ ఆయమ్మను చూడాలనే ఉంది."

గవర్రాజు ఆ సాయంత్రం కూతుర్ని తూర్పు విల్లు మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. గోడ నీడ మెల్లగా పైకి పాకుతోంది.

"నాకోసం పని మార్చేశావటగా?"

"రెహానా చెప్పిందా?"

"దాని మొహం చెప్పింది. చూడమ్మీ, మీ అమ్మ నీడని నేను రోజూ చూసినోడినే. మళ్ళీ ఒకసారి చూడాలని ఉంది. అది నా ఆశ. ఆశకేటుంది, ఎంత చూసినా తీరదు. ఆ అడుగున కూడా గంట కొట్టినోడెవడో ఉంటాడు, వాడిని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూళ్ళేదు. వాడేదో చెబుదామని కూర్చున్నాడు. నువ్వు కిందికే వెళ్ళు."

"మళ్ళీ రాదు నాన్నా. అమ్మ ఎందులోనూ మిగలదు. కంప్యూటరులో కూడా."

"తెలుసు. నాదొక్కటే కోరిక. ఆవిడ వెళ్ళేటప్పుడు నేను లోపల ఉంటాను. ఆస్పత్రిలో ఆఖరు గంటకి నన్ను బయట కూర్చోబెట్టారు. గుర్తుందా?"

సుభాషిణి తల ఆయన భుజానికి ఆనించింది. వెలిసిన చొక్కాకి సబ్బు వాసన, పెన్సిలు పొట్టు వాసన.

*

ఎర్రదీపం కూడా ఆర్పేశారు. గుడారంలో ముగ్గురూ ఉన్నారు. కళ్ళు చీకటికి బాగా అలవాటయ్యేదాకా కూర్చోమంది రెహానా. పరిశోధనాలయంలో చేసినవన్నీ చిన్న ముక్కలు. ఇంత పెద్ద రాయి ఒక్కసారిగా వదిలే వెలుగు ఎలా ఉంటుందో ఆమెకూ తెలియదు.

"కెమెరాకు ఆ వెలుగు చాలదు, కంటికి కనపడొచ్చు మాస్టారూ. కనపడకపోవచ్చు గూడా. మాట ఇయ్యలేను."

"కానీ తల్లీ."

యంత్రం సన్నగా రొద పెట్టింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పలక అంచుల నుంచి లేత నీలం వెలుగు ఊరింది, వెన్నెల నేలలోంచి మొలిచినట్టు. పైన ఖాళీ ఏళ్ళు. పైడమ్మ తర్వాత గంట కొట్టేవాళ్ళను పెట్టలేదు. వెలుగు పలకంతా సమంగా పరుచుకొని ఉంది.

అప్పుడు ఆమె వచ్చింది.

పాదాల దగ్గర గట్టి చీకటి. పైకి పోయేకొద్దీ మసక. ఏడాది పొడుగునా సాగి, కుదించుకుపోయిన నీడ కదా, తల దగ్గరకొచ్చేసరికి పొగలా ఉంది. అయినా ఆ నిలబడ్డ తీరు చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. నడుం కొంచెం ముందుకు వంగి, ఒక చెయ్యి మోకాలి మీద. పక్కనే ఇంకో నీడ, చేతికి వేలాడుతున్న క్యారేజీతో.

"అది నేనే," అన్నాడు గవర్రాజు.

పొరలు రాలిపోతున్నాయి. కొత్త ఏడు పోయి పాత ఏడు పైకొస్తోంది. కళ్ళముందే ఆమె నడుం నిటారైంది. చెయ్యి మోకాలి మీంచి లేచింది. ఇద్దరి మధ్యా ఒక చిన్న నీడ పొడుగు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఎగిరి ఆమె చంకనెక్కింది. సుభాషిణి తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండు పొరల పాటు చంకన ఉండి, ఆ చిన్నది మాయమైపోయింది. ఇప్పుడు ఇద్దరే. తర్వాత క్యారేజీ లేదు. ఆయన చేతిలో పలచటి అట్ట. ఆయన ఆమె పక్కనుంచి కొంచెం జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. పలక అంచుకు పోయాడు. ఆమె ఒక్కతే నిలబడి ఉంది, సన్నగా, చెయ్యి కళ్ళకు అడ్డంపెట్టుకొని.

తర్వాత ఆమె కూడా లేదు. ఆ చోట, ఆమెకు ముందు గంట కొట్టినవాడేమో, ఎవరో గొడుగు పట్టుకున్న పెద్దమనిషి నిలబడ్డాడు. పొరలు ఇంకా వేగంగా పోయి, నీడలు కలగలిసి, వెలుగు ఆరిపోయింది.

చూస్తుండగానే అంతా అయిపోయింది. చీకట్లో రెహానా ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

బయటికి వచ్చాక గవర్రాజు ఎండకు కళ్ళు చికిలించుకుంటూ రాతిమెట్టు మీద కూర్చున్నాడు. సుభాషిణి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీ అమ్మకి నడుంనొప్పి ఎంతకాలం నుంచో," అన్నాడు. "నాతో ఒక్కనాడు అనలేదు. చివరి ఆరేడేళ్ళూ అలాగే వంగి నిలబడింది. నేను పక్కనే ఉండి కేరేజీ విప్పుకున్నాను గాని చూళ్ళేదు."

"నేనూ చూడలేదు నాన్నా."

"ఇవాళ చూశాను కదా," అని ఆయన గ్లాసు తిరిగిచ్చాడు. "నువ్వు మాత్రం దించనిచ్చేదానివి కాదు. ఎంతకాలం ఎక్కావో చూశావా మీ అమ్మ చంక! పాపం, నడుంనొప్పి రాక ఏటవుద్ది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆయన కండువాతో మొహం కప్పుకున్నాడు. సుభాషిణి ఆయన వీపు మీద చెయ్యివేసి కూర్చుంది.

*

అడుగుపొరలు చదవడానికి రోజులు పట్టాయి. మిగిలినవి కొద్ది పొరలే కాబట్టి పోగయ్యే వేడి భయమూ లేదు, తొందరా లేదు. వెలుగూ, ఆకారమూ రెండూ దొరికాయి.

పొద్దుమేడ కట్టిన కొత్తలో పలక దగ్గర ఒక మనిషి నిలబడేవాడు. పొట్టిగా, బలంగా ఉండేవాడని నీడనుబట్టి తెలుస్తోంది. పేరేమిటో ఎక్కడా లేదు. సుభాషిణి చూడవలసింది అతని చుట్టూ ఉన్న ఎండను. ఆ ఎండ కరువుకు మూడేళ్ళ ముందు నుంచి వింతగా ప్రవర్తించింది. కొంచెం తగ్గి, మళ్ళీ హెచ్చి, ఇంకొంచెం తగ్గి, దీపం ఆరేముందు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. మనిషి కంటికి ఆనేంత తేడా కాదు. రాతికి ఆనింది.

తర్వాతవి కరువు పొరలు.

మొదటి ఏటి పొరలో ఆ మనిషి నీడ సన్నబడింది. రెండో ఏటి పొరలో నీడ పక్కన ఒక కర్ర ఉంది. మూడో ఏటి పొరను తెర మీదకు తెచ్చి రెహానా చాలాసేపు తల అటూ ఇటూ వంచి చూసింది.

"ఇదేంది మేడమ్, ఇంత పొట్టిగా ఉండాది? వేరే ఎవురన్నానా?"

వెనక నిలబడి చూస్తున్న గవర్రాజు అన్నాడు. "అతనే. కూర్చున్నాడు. నిలబడలేక కూర్చున్నాడు. మనుషుల్ని కూర్చోబెట్టి గీయించేవాడిని నేను, నాకు తెలుసు."

ఆ తర్వాతి పొరలో ఎవరూ లేరు. పలకంతా ఎండే.

రెహానా లేచి బయటికి వెళ్ళిపోయింది. గవర్రాజు కూడా వెనకాలే వెళ్ళాడు. సుభాషిణి తెర ముందు ఒక్కతే కూర్చొని, ఆ ఏళ్ళ ఎండ కొట్టుకున్న తీరును ఈమధ్య ఉపగ్రహాలు కొలిచిన ఎండ పక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. అదే కొట్టుకోవడం పోయిన ఏడే మొదలైంది.

అంటే ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉంది.

*

ఆ తర్వాత జరిగినదంతా సుభాషిణి అనుకున్నట్టు జరగలేదు. ఒక్క రాయిని చూసి వానల గురించి చెప్పడమేమిటని పెద్ద పెద్ద సభల్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మరో రాయి లేదని ఆమె ఒప్పుకుంది. తప్పయితే నలుగురూ తనను చూసి నవ్వుతారు, నిజమైతే నలుగురూ తింటారు అని ఒక సభలో అన్నది. నవ్వినవాళ్ళు నవ్వారు. కొన్ని జిల్లాల్లో కలెక్టర్లు విన్నారు. చెరువుల పూడిక తీయించారు, చిరుధాన్యాల విత్తనాలు ముందే తెప్పించారు. కొన్నిచోట్ల వినలేదు.

రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. ఆ మరుసటి ఏడూ అంతే. విననిచోట్ల బాధలు తప్పలేదు. టీవీలో ఆ ఊళ్ళను చూపించినప్పుడు సుభాషిణి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇంకొంచెం గట్టిగా చెప్పవలసిందేమో అనేది. "నువ్వు కొట్టాల్సిన గంట కొట్టావమ్మీ," అని తండ్రి ఓదార్చేవాడు.

ఆ రెండో కరువు ఏటనే రెహానా పెళ్ళి కుదిరింది. తండ్రీకూతుళ్ళిద్దరూ కదిరి దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళారు. దారంతా బీడు నేల. ఊరి దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెరువు అడుగున పచ్చటి నీళ్ళు కనిపించాయి. ఆ పక్కన పొలాల్లో బంగారు రంగు కొర్రకంకులు తలలు వాల్చి ఊగుతున్నాయి. రెహానా తండ్రి ఎదురొచ్చి గవర్రాజు చేతిసంచీ అందుకున్నాడు. బెంగుళూరు వదిలి ఏడాదిన్నర అయిందట.

పెళ్ళివిందు మర్నాడు. ఆ పూటకు ఇంటిభోజనం. రెహానా తల్లి ఫాతిమాబీ అరుగు మీద చాప పరిచి, కొర్రన్నం, వేరుశనగ పొడి, గోంగూర పప్పు వడ్డించింది. పెద్దాయన తింటున్నాడో లేదో అని కొంగు నోటికి అడ్డంపెట్టుకొని చూస్తూ నిలబడింది.

"ఈ ఏడు మా ఇంట్లో ఇదేనయ్యా. వరి లేదు. మీకు పడుతుందో లేదో."

"పడకేమమ్మా! ఇంకొంచెం పెట్టు," అన్నాడు గవర్రాజు.

"మీ ఇంటామె గురించి రెహానా చెప్పింది. ఆయమ్మ వల్లనే మాకు ఈ నాలుగు గింజలు దక్కినాయంట. మంచితల్లి. ఆయమ్మ పేరు చెప్పుకొని తినండి."

గవర్రాజు ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. సుభాషిణి గబుక్కున ఆయన వైపు చూసింది. ఆయన మొహం ముందు గంభీరంగా ఉంది. తర్వాత మూతి వణికింది. ఆ వెనక భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నాడు.

"ఆవిడ పేరు చెప్పుకుంటే ఇది గొంతు దిగదమ్మా," అన్నాడు. "మా పైడమ్మకి కొర్రలంటే పరమ అసహ్యం. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఎవరో బలమని చెబితే తెచ్చాను. పిట్టలకి చల్లేసింది. నన్ను చూస్తే నీకు పిట్టలా కనిపిస్తన్నానేటి అని వారంరోజులు మాట్లాడలేదు."

ఫాతిమాబీ కొంగులోనే కిలకిలా నవ్వింది. లోపలి నుంచి రెహానా గోరింటాకు చేతులతో పరుగెత్తుకొచ్చి, ఏంది ఏంది అని అడిగింది. సుభాషిణికి ఈ కథ తెలియదు. నలభై ఏళ్ళొచ్చినా తల్లి గురించి ఇది ఎప్పుడూ వినలేదు.

"తర్వాత ఎలా మాట్లాడింది నాన్నా?" అంది ఆమె.

"ఎలాగేటి? చెప్తానుండు," అని ఆయన విస్తరి ముందు సర్దుకొని కూర్చున్నాడు. "ముందు ఆ పొడి ఇలా వెయ్యి."